నందినీ రోడ్డు నుంచి రాజ్‌హరా కొండల దాకా

భిలాయి నగరంలో పవర్‌హౌస్ కూడలి నుంచి ఉత్తర దిక్కుగా ఒక రోడ్డు బయలుదేరుతుంది. దాని పేరు నందినీ రోడ్డు. క్యాంప్ 1 నివాసులు రోజుకు పదిసార్లయినా ఆ పేరు పలుకుతారు. దుకాణం చిరునామా చెప్పినా, రిక్షా మాట్లాడుకున్నా, బంధువులకు ఇంటి గుర్తు చెప్పినా ఆ రోడ్డు పేరే ముందు వస్తుంది. ఆ రోడ్డు ఒక సున్నపురాతి గనికి పోతుందని, ఆ గని పేరే దానికి వచ్చిందని తలచుకొనేవారు మాత్రం తక్కువ. ఇంటి ముందున్న దారి ఎక్కడికి పోతుందో తెలుసుకోవాలన్న కుతూహలం చిన్నపిల్లలకు సహజంగానే ఉంటుంది. పెద్దవారిలో అది ఎందుకో సన్నగిల్లుతుంది.

క్యాంప్ 1 అన్న పేరులోనే దాని పుట్టుక ఉన్నది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఉక్కు కర్మాగార నిర్మాణానికి ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఈ రెండు తేదీల మధ్య నాలుగేండ్లలో వరి పొలాలుండిన మైదానం మీద ఒక మహా కర్మాగారం లేచింది. పునాదులు తవ్వడానికి, కాంక్రీటు మోయడానికి, ఇనుప దూలాలు నిలబెట్టడానికి దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. వారు తలదాచుకొన్న తాత్కాలిక శిబిరాలే క్యాంప్ 1, క్యాంప్ 2. ఉద్యోగుల కోసం రైలు పట్టాలకు దక్షిణాన సెక్టార్లు ఏర్పడ్డాయి. వెడల్పయిన వీధులు, చెట్ల వరుసలు, ఒకే రీతి ఇండ్లతో వాటిని పథకం ప్రకారం కట్టారు. పట్టాలకు ఉత్తరాన ఉన్న శిబిరాలకు ఏ పథకమూ లేదు. పని ముగిసినా జనం తిరిగి పోలేదు, శిబిరం ఊరయింది. పేరు మాత్రం మారలేదు.

అలా వచ్చినవారిలో తెలుగువారి సంఖ్య చిన్నది కాదు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ చేరే రైలు మార్గం అప్పటికే ఉన్నది. వాన ముఖం చాటేసిన సంవత్సరాలలో ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పనికి బయలుదేరిన కుటుంబాలకు ఆ మార్గం తిన్నగా ఛత్తీస్‌గఢ్ మైదానాన్ని చూపించింది. నేడు వారి మనుమలు హిందీలో చదువుకొని, ఛత్తీస్‌గఢీలో బేరమాడి, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు. ఈ మూడు భాషలలోను వారికి అలవాటైన మాట ఒకటున్నది. అది ‘ఖదాన్’. భూమి లోపలికి దిగే గనిని, ఆకాశం కింద తెరచి తవ్వే రాతి క్వారీని కూడ హిందీలో ఆ ఒక్క మాటతోనే పిలుస్తారు. సింగరేణి ప్రాంతంలో బొగ్గు గనిని ‘బాయి’ అన్నట్లు ఇక్కడ రాతి బావికీ, ఇనుప కొండకూ ఒకే పేరు చెల్లుతున్నది.

ఉక్కు తయారు కావడానికి ముఖ్యంగా ఇనుప రాయి, బొగ్గు, సున్నపురాయి కావాలి. భిలాయికి కోకింగ్ బొగ్గు చాలా దూరం నుంచి వస్తుంది. తక్కిన రెండు రాళ్ళ కోసం మొదటినుంచీ చూచినది చుట్టుపక్కలనే. తెల్లరాయి నందినిలో దొరికింది. అది క్యాంప్ 1కి ఒక పూట ప్రయాణం. ఎర్రరాయి దక్షిణాన సుమారు 85 కిలోమీటర్ల దూరంలో దల్లి-రాజ్‌హరా కొండలలో ఉన్నది. కర్మాగారాన్ని బయట నుంచి చూచి చప్పట్లు కొట్టే యాత్రికులు చాలమంది. దానికి ఆహారమైన ఈ రెండు చోట్ల కాలినడకన తిరిగితే భిలాయి కథలో మిగిలిన సగం తెలుస్తుంది. పని జరుగుతున్న గనులలోకి అనుమతి లేకుండా పోరాదు, పోనివ్వరు కూడ. కాని గనుల చుట్టూ ఊళ్ళున్నాయి, ఊళ్ళ మధ్య బాటలున్నాయి, తవ్వకం ముగిసి విడిచిన నేలలున్నాయి. చూడదలచినవారికి అవి చాలు.

తెల్లరాయి

క్యాంప్ 1 దాటి ఉత్తరానికి నడిస్తే జామూల్ వస్తుంది. అక్కడ సిమెంటు కర్మాగారం ఉన్నది. ఆ కర్మాగారం ఉక్కు నగరం పక్కనే వెలయడం యాదృచ్ఛికం కాదు. బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుప రాయితో పాటు సున్నపురాయి వేస్తారు. ఇనుప రాయిలో కలిసి ఉన్న ఇసుక వంటి మలినాన్ని సున్నం తనలో కలుపుకొని ద్రవంగా మారుతుంది. కరిగిన ఇనుము బరువు కనుక అడుగున నిలుస్తుంది, ఈ ద్రవం తెట్టె కట్టి పైన తేలుతుంది. దానినే స్లాగ్ అంటారు. నీటితో హఠాత్తుగా చల్లార్చి పొడి చేస్తే అది సిమెంటులో ముడిసరకుగా పనికి వస్తుంది. ఒక పొయ్యి తెట్టె మరొక పొయ్యికి దినుసు అయిందన్నమాట.

జామూల్ దాటిన తరువాత ఇండ్లు పలచబడతాయి. పొలాలు మొదలవుతాయి. ఈ మైదానపు రైతు నేలను రంగు చూచి పేరు పెడతాడు. నల్లరేగడి ‘కన్హార్’, పసుపు ఛాయ గల ఇసుక నేల ‘మటాసీ’, రెంటికీ నడుమ ఉండేది ‘డోర్సా’, గులకరాళ్ళతో నిండిన ఎర్రని బీడు ‘భాటా’. గోదావరి జిల్లాల రైతుకు కన్హార్‌ను వేరుగా పరిచయం చేయనక్కరలేదు. భాటా మీద పంట అంతంత మాత్రమే. పశువులు మేస్తాయి, తుమ్మచెట్లు పెరుగుతాయి. గట్ల వెంట ఊదారంగు గరాటు పూలు పూసే ఒక పొద దట్టంగా ఉంటుంది. నరికినా, తొక్కినా, నీట ముంచినా చావదని దానికి ఇక్కడివారు ‘బేశరమ్’ అని పేరు పెట్టారు. అనగా సిగ్గులేనిది. తెలుగునాట లొట్టపీసు అని పిలిచేది దీనినే. గని వదిలేసిన నేలను మొట్టమొదట ఆక్రమించే మొక్కలలో ఇది ఒకటి. ఆ పేరు పెట్టినవారికి హాస్యం తెలుసు గాని కృతజ్ఞత కొంచెం తక్కువ అనిపిస్తుంది.

నందిని చేరేసరికి కొండ ఎక్కడా కనిపించదు. ఇక్కడ తవ్వినది కొండను కాదు, మైదానాన్నే. అంచు దాకా వచ్చే వరకు గోయి ఉన్నదని కూడ తెలియదు. అకస్మాత్తుగా నేల తెగుతుంది. ఎదుట పెద్ద పెద్ద మెట్లుగా దిగిపోయిన రాతి గోడలు, అట్టడుగున ఆకుపచ్చని నీరు. ఈ మెట్లను గని భాషలో బెంచీలంటారు. గోడను ఒకే ఎత్తుగా నిలువునా తవ్వితే కూలి మీద పడుతుంది, యంత్రం పైదాకా అందదు. అందువల్ల కొంత ఎత్తు తవ్వగానే కొంత వెడల్పు వదిలి, మళ్ళీ కిందికి దిగుతారు. మెట్టు మీద వరుసగా రంధ్రాలు తొలిచి, మందు కూరి పేల్చుతారు. రాలిన రాయిని షవెల్ ఎత్తి డంపర్‌లో పోస్తే, డంపర్ ఏటవాలు బాట వెంట పైకి తెస్తుంది. తవ్వకం నిలిచిపోయిన ఏండ్ల తరువాత కూడ గోడమీద సగం సగం రంధ్రాల గాట్లు నిలువుగీతలుగా కనిపిస్తుంటాయి. గని చుట్టూ ఉన్న గుట్టలు సహజమైనవి కావు. రాయిని చేరుకోవడానికి తొలగించిన పైమట్టిని, పనికిరాని రాతిని అక్కడ పోశారు. ఏటవాలు సరిగా లేని చోట వానకు అవి కోసుకొనిపోయి, గుట్టల ఒంటినిండా గాళ్ళు పడ్డాయి. గుట్టమీద చెట్లు ఎంత పెద్దవైతే దానిమీద మట్టి పోయడం ఆగిపోయి అంత కాలమయిందని అంచనా వేయవచ్చు.

రాతి గోడ దగ్గర కొంచెంసేపు నిలబడడం మంచిది. ఈ సున్నపురాయి ఒక ప్రాచీన సముద్రపు అడుగున పొర పొరగా పేరుకొన్నది. ఆ సముద్రం ఛత్తీస్‌గఢ్ మైదానమంతటా వ్యాపించి ఉండేది. కాలం సుమారు వంద కోట్ల ఏండ్లకు పూర్వం. అప్పటికి చేపలు లేవు, శంఖాలు లేవు, నేలమీద గడ్డిపరక లేదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు లోతు తక్కువ నీటిలో పలుచని చాపల వలె పరచుకొని, సున్నపు రేణువులను పట్టి ఉంచి, ఒక చాప మీద మరొకటిగా పెరిగాయి. అవి మిగిల్చిన గుమ్మటాల వంటి, ఉల్లిపాయ పొరల వంటి ఆకృతులను స్ట్రొమటొలైట్లు అంటారు. ఛత్తీస్‌గఢ్ సున్నపురాళ్ళలో అవి పలుచోట్ల కనబడతాయి. కడప జిల్లా వేంపల్లె పరిసరాలలో ఉన్న స్ట్రొమటొలైట్లు ఇంకా ప్రాచీనమైనవి. గోండ్వానా వనాలు బొగ్గుగా మారడానికి ఎన్నో కోట్ల ఏండ్ల ముందే ఈ రెండు సముద్రాలూ ఎండిపోయాయి.

పొరలుగా విడే ఇదే జాతి రాయిని బేతంచెర్లలో, తాండూరులో నాపరాయి అంటారు. ఛత్తీస్‌గఢ్‌లో దాని పేరు ‘ఫర్షీ’. ఇక్కడి పల్లెలలో వాకిలి మీద, చెరువు రేవులో, పశువుల కొట్టంలో ఫర్షీ పలకలే పరచి ఉంటాయి. నాపరాతి అరుగుల మీద పుట్టి పెరిగిన మనిషికి క్యాంపులోని ఇంటి నేల కొత్తగా తోచదు. రెండు రాష్ట్రాలకు పొత్తు ఉన్నదని చెప్పే ఉపన్యాసాలకంటె కాలికి తగిలే ఈ చల్లని పలక తొందరగా ఆ సంగతి చెబుతుంది.

విడిచిన గోతులలో నీరు చేరి పెద్ద మడుగులయ్యాయి. శీతకాలంలో పక్షులు వస్తాయి. 2021 ప్రాంతంలో నందిని పాత గనుల నేలలో మానవ నిర్మిత అరణ్యాన్ని పెంచే పని ప్రభుత్వం చేపట్టింది. దీనికి ఖర్చు జిల్లా ఖనిజ నిధి నుంచి కూడ కేటాయించారు. గని ఉన్న జిల్లాలో ఆ గని ఆదాయంలో కొంత భాగం స్థానిక ప్రజల మేలుకు ఖర్చు కావాలన్నది 2015లో గనుల చట్టానికి జరిగిన సవరణ. ఆ సవరణ ప్రకారం ఏర్పడినదే ఈ నిధి. సంకల్పం మెచ్చదగినది. అయితే మొక్కలు నాటడం ఒకటి, అడవి కావడం మరొకటి. పైమట్టి పోయిన రాతినేలలో వేరు దిగడానికే ఏండ్లు పడుతుంది. రావి, మర్రి వంటి చెట్లు రాతి నెరియలో కూడ బ్రతుకగలవు, పక్షులను పిలుచుకోగలవు. పక్షులు తెచ్చిన విత్తనం మొలిచిన నాడు అడవి తన పని తాను మొదలుపెట్టినదని చెప్పవచ్చు. చూడవచ్చినవారు ఒక జాగ్రత్త పాటించాలి. గని మడుగు చెరువు కాదు. ఒడ్డున మెల్లగా లోతు పెరగదు, ఒక్క అడుగులో ఒక బెంచీ అంత లోతు ఉంటుంది. ఈతకు దిగరాదు.

ఎర్రకొండ

సున్నపురాయి దొరికినంత మాత్రాన భిలాయి వెలసేది కాదు. దానిని ఇక్కడికి రప్పించినది దక్షిణాన ఉన్న ఇనుప కొండ. దానికోసం దుర్గ్‌లో రైలెక్కి, గుండర్‌దేహీ, బాలోద్, కుసుమ్‌కసా మీదుగా దల్లి-రాజ్‌హరా చేరాలి. దారిలో బాలోద్ సమీపాన తాండులా జలాశయం ఉన్నది. సూఖా, తాండులా నదుల కలయిక వద్ద బ్రిటిష్ పాలనా కాలంలో పొలాలకు నీరివ్వడానికి కట్టిన ఆనకట్ట అది. తరువాత ఆ నీటిలో వాటా ఉక్కు కర్మాగారానికి కూడ వచ్చింది. ఈ నీటి ప్రస్తావన గుర్తుంచుకోదగినది. దీనితో ఒక పాత కథకు సంబంధం ఉన్నది.

1880లలో భారత భూగర్భ సర్వే శాఖలో ప్రమథనాథ్ బోస్ అనే అధికారి ఈ ప్రాంతమంతా తిరిగారు. అప్పటికి దుర్గ్ జిల్లా ఇంకా ఏర్పడలేదు, ఇదంతా రాయ్‌పూర్ జిల్లాలో ఉండేది. దల్లి-రాజ్‌హరా గుట్టలలో మేలయిన ఇనుప ఖనిజం ఉన్నదని ఆయన నమోదు చేశారు. నమోదు కాగితంగానే ఉండిపోయింది. ఇరవై ఏండ్లకు జమ్‌షెడ్‌జీ టాటా ఉక్కు పరిశ్రమ స్థాపించాలని తలపెట్టినప్పుడు, ఆయన కుమారుడు దోరాబ్జీ, సి.ఎం. వెల్డ్ అనే అమెరికన్ నిపుణుడు మొదట చాందా ప్రాంతంలో వెదికి విసిగిపోయారు. ప్రయత్నం విరమించుకొంటున్నామని చెప్పడానికి దోరాబ్జీ నాగపూర్‌లోని ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళారు. కలవవలసిన అధికారి లేరు. కాలక్షేపానికి ఎదుట ఉన్న మ్యూజియంలోకి పోయి తిరుగుతుంటే మధ్యపరగణాల భూగర్భ పటం ఒకటి కంటబడింది. అందులో దుర్గ్ ప్రాంతాన్ని ఇనుము గుర్తుగా ముదురు రంగుతో నింపి ఉన్నారు. ఆ రంగు వెంట బయలుదేరి వారు ఈ కొండలకు వచ్చారు. నడుస్తుంటే కాలికింద నేల లోహం వలె మ్రోగినదని ఆ చరిత్ర వ్రాసినవారు చెబుతారు.

అయినా కర్మాగారం ఇక్కడ రాలేదు. ఖనిజం ఉన్నది గాని దగ్గరలో కోకింగ్ బొగ్గు లేదు, చాలినంత నీరు లేదు. అంతలో 1904 ఫిబ్రవరి 24న ప్రమథనాథ్ బోస్ జమ్‌షెడ్‌జీకి ఒక లేఖ వ్రాశారు. అప్పటికి ఆయన సర్వే శాఖ నుంచి విరమించి మయూర్‌భంజ్ సంస్థానంలో పని చేస్తున్నారు. అక్కడి గోరుమహిసానీ కొండలో ఇనుము సమృద్ధిగా ఉన్నదని, ఝరియా బొగ్గు దానికి సమీపమని ఆ లేఖ సారాంశం. టాటా కర్మాగారం అటు తరలింది, జమ్‌షెడ్‌పూర్ వెలసింది. దుర్గ్ కొండను పటంలో చేర్చిన మనిషే దానిని మరి ఏబదేండ్ల లోపు ఎవరూ ముట్టకుండా చేశాడన్నమాట. తాండులా నీరు, పెరిగిన రైలు మార్గాలు, సోవియట్ సాంకేతిక సహాయం ఒకచోట చేరిన తరువాతనే రాజ్‌హరా వంతు వచ్చింది.

దల్లి-రాజ్‌హరా చుట్టూ అడవిలో నడిచే తెలుగువారికి చెట్ల పేర్లు మాత్రమే మార్చుకోవలసి వస్తుంది. తెందూ అంటే తునికి, మహువా అంటే ఇప్ప, సాజా అంటే నల్లమద్ది, పలాశ్ అంటే మోదుగ. తునికాకు కోసే కాలం, ఇప్పపూవు ఏరే వేళ, మోదుగ పూచే ఋతువు ఆదిలాబాద్ అడవులలోను, ఇక్కడా ఒక్కటే. ఇక్కడి గోండులు, అక్కడి గోండులు ఒకే జాతి జనం. ఈ ప్రాంతపు పాత జమీందారీ పేరు డోండీ లోహారా. లోహారా అన్న మాటలోనే లోహం ఉన్నది. ఉక్కు కర్మాగారాల ముచ్చట పుట్టక మునుపే మధ్య భారతపు అడవులలో ఆగరియాలు మట్టి కొలుములలో బొగ్గుతో ఇనుము తీసి నాగలి కర్రులు చేసేవారు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు ఒకప్పుడు ఖడ్గాల కోసం దూరదేశాలకు పోయింది. మన పూర్వులకు ఈ రాతితో పరిచయం కొత్త కాదు.

వాలు మీద ఒక రాయి చేతికి తీసుకొంటే, పరిమాణానికి మించిన బరువు ఆశ్చర్యం కలిగిస్తుంది. కొన్నింటి మీద ఎర్రని చార, ఉక్కురంగు చార ఒకదాని తరువాత ఒకటిగా చక్కని గళ్ళనేత వలె ఉంటాయి. ఎరుపు జాస్పర్ అనే చెకుముకి జాతి రాయి, ఉక్కురంగు హెమటైట్ అనే ఇనుప ఖనిజం. ఇది కూడ సముద్రపు అడుగునే పొరలు కట్టినది, నందిని సున్నపురాతికంటె ఎంతో పాతది. తరువాత భూమి ముడతలు పడి ఈ పొరలు కొండలయ్యాయి. యుగాల తరబడి నీరు ఇంకి చెకుముకి భాగాన్ని కడిగివేసిన చోట్ల ఇనుము చిక్కబడింది. శుద్ధమైన హెమటైట్‌లో నూటికి 70 పాళ్ళు ఇనుమే. చార చారల రాయి పేదది, చారలు చెరిగిపోయిన నిండు రాయి సంపన్నమైనది. అందానికీ విలువకూ ఇక్కడ పొత్తు కుదరలేదు.

రాజ్‌హరా, దల్లి, ఝరన్‌దల్లి, కోకన్, మహామాయా అని ఇక్కడి గనులకు పేర్లు. ఝరన్ అంటే ఊట, సెలయేరు. కొండమీద నీరు పారిన కాలంలో ఆ పేరు వచ్చి ఉండాలి. రాజ్‌హరా గనిలో మొదటినుంచి యంత్రాలు వచ్చాయి. దల్లి వైపు మాత్రం చాల ఏండ్లు మనుషులే కొండను తవ్వారు. పురుషుడు గునపంతో, సమ్మెటతో రాయి పగులగొట్టేవాడు. స్త్రీ తట్టకెత్తుకొని మోసేది. భార్యాభర్తలు జంటగా పని చేయడం వాడుక. గనిపని చేసే స్త్రీని ఇక్కడ ‘రేజా’ అంటారు. కూలిది అని తెలుగు చేస్తే అర్థం వస్తుంది గాని గౌరవం రాదు. రేజా అన్న పిలుపులో పనివాడితో సమానంగా జత కట్టిన పనిమనిషి ఉన్నది. భిలాయి కర్మాగారంలో శాశ్వత ఉద్యోగులకు జీతం, ఇల్లు, ఆసుపత్రి ఉండగా, అదే కర్మాగారానికి రాయి పంపే ఈ కాంట్రాక్టు శ్రామికులకు వానకాలానికి ముందు గుడిసె కప్పు బాగుచేసుకోవడానికి కూడ చేతిలో పైకం ఉండేది కాదు.

1977లో వారు శంకర్ గుహా నియోగి నాయకత్వాన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రమిక్ సంఘ్ ఏర్పరచుకొన్నారు. అడిగిన వాటిలో గుడిసె మరమ్మత్తు ఖర్చు ఒకటి. ఆ ఏడు జూన్ 2, 3 తేదీలలో పోలీసు కాల్పులలో 11 మంది మరణించారు. వారి స్మృతికి శ్రామికులు తమ చందాలతో, తమ చేతులతో ఒక ఆసుపత్రి కట్టుకొన్నారు. 1983 జూన్ 3న ప్రారంభమైన ఆ షహీద్ ఆసుపత్రి ఇప్పటికీ దల్లి-రాజ్‌హరాలో నడుస్తున్నది. కొండ చూడవచ్చినవారు దానిని కూడ చూడాలి. గని మూసివేసిన తరువాత కూడ ఊరిలో మిగిలి ఉండగల కట్టడాలలో అది ఒకటి.

తరువాత వచ్చిన ప్రశ్న యంత్రాలది. దల్లిలో పూర్తిగా యంత్రాలు ప్రవేశపెడితే వేలాది చేతులకు పని పోతుంది, ముందుగా పోయేది రేజాలకు. తవ్వడం, ఎత్తడం మనుషులు చేస్తూ, నలగగొట్టడం, కడగడం, తరలించడం యంత్రాలు చేసే మధ్యేమార్గాన్ని సంఘం సూచించింది. కొంతకాలం ఆ మార్గం నడిచింది కూడ. కాలక్రమాన యంత్రాలే నిలిచాయి, గునపంతో కొండ తవ్విన తరం విరమించింది. ఆ మార్పును ఆపగలిగేవారా అన్నది వేరు చర్చ. డంపర్ నడిపే స్త్రీలు ఈనాడు దేశంలో కొన్ని గనులలో ఉన్నారు. తట్ట మోసిన రేజాకు ఆనాడే ఆ చక్రం నేర్పి ఉంటే ఏమయ్యేదని అడగడం మాత్రం అన్యాయం కాదు.

ఊరి ఎత్తయిన చోటు నుంచి చూస్తే గని రూపం తెలుస్తుంది. నందినిలో నేల గోయి అయింది, ఇక్కడ కొండ ముందు మెట్లయి, తరువాత తరిగి, కొన్నిచోట్ల నేలమట్టం కంటె కిందికి దిగింది. పాత శిఖరం ఎక్కడిదాకా ఉండేదో చూపడానికి పెద్దలు గాలిలోకి చేయెత్తుతారు. ఆకులు, గోడలు, పట్టాలు, మేకల వీపులు అన్నీ ఎర్రని ధూళి పూసుకొని ఉంటాయి. ఖనిజాన్ని కడిగిన నీరు సన్నని ఎర్రబురదతో బయటికి వస్తుంది. దానిని నిలువచేయడానికి హితకసా వద్ద కట్ట వేశారు. బురద అడుగున దిగి నీరు తేటపడాలన్నది ఉద్దేశం. కాని గుట్టల మీద పడ్డ వాన ఎవరి అదుపులోను ఉండదు. గని దిగువన ఉన్న పల్లెలలో ఎర్రనీరు వరి మళ్ళలోకి రావడం రైతుల పాత ఫిర్యాదు. ఎర్ర మేట పేరుకొన్న మడిలో నేల గట్టిపడి, నీరు ఇంకక, వరి పిలక వేయదు. ఉక్కు లెక్కలలో ఈ మళ్ళ లెక్క కూడ వ్రాయవలసి ఉన్నది.

కొండ ఎక్కడికి పోయింది? దేశంలోని రైలు పట్టాలను అడగాలి. 1960 నుంచి భిలాయి పట్టాలు తయారుచేస్తున్నది, దశాబ్దాల తరబడి భారత రైల్వేకు అదే ప్రధాన ఆధారం. విజయనగరం నుంచి రాయ్‌పూర్ వచ్చే పాత దారిలో మార్చి వేసిన పట్టాలలోను, కాజీపేట, విజయవాడల మీదుగా పోయే దారిలోను రాజ్‌హరా రాయి ఉన్నది. ఉత్తరాంధ్ర నుంచి పనివాడు వచ్చాడు, అతని వెనుకటి ఊరికి కొండ వెళ్ళింది. ఇటువంటి రాకపోక విశాఖ ఉక్కుకు కూడ ఉన్నది. దానికి ఇనుప రాయి బస్తర్‌లోని బైలాడీలా నుంచి వస్తుంది, సున్నపురాయి జగ్గయ్యపేట నుంచి, డోలమైట్ మాధారం నుంచి. బైలాడీలా అంటే ఎద్దు మూపురం. కొండ ఆకారం చూచి పెట్టిన పేరు అది. మూపురం తరిగిపోయాక పేరుకు అర్థం చెప్పడం కష్టమవుతుంది.

రాజ్‌హరాలో మేలురకం ఖనిజం తరిగిపోతూండడంతో, ఇంకా దక్షిణాన నారాయణపూర్, కాంకేర్ జిల్లాల సరిహద్దులోని రావ్‌ఘాట్ కొండల మీద దృష్టి పడింది. దల్లి-రాజ్‌హరా వద్ద ఆగిపోయిన రైలు మార్గాన్ని అటు పొడిగించారు. 2022 నాటికి ప్రయాణీకుల బండి అంతాగఢ్ దాకా చేరింది. రావ్‌ఘాట్ అడవి దట్టమైనది, అక్కడి గ్రామాల దేవతలు ఆ కొండల మీదనే ఉంటారు. కొండ ఇవ్వాలా వద్దా, ఇస్తే ఏ షరతుల మీద అన్న వాదం అక్కడ సాగుతున్నది. రావ్‌ఘాట్ వాసులకు దూరం పోనక్కరలేదు. అంతాగఢ్‌లో ఎక్కితే దల్లి-రాజ్‌హరాలో దిగవచ్చు. అక్కడ ఆసుపత్రి ఉన్నది, ఎర్ర మడులు ఉన్నాయి, ఉద్యోగాలు చేసి విరమించినవారు ఉన్నారు, గునపం పట్టిన చేతుల వృద్ధులు ఇంకా కొందరు ఉన్నారు. అడిగితే చెబుతారు.